వేపాకు ఎండని ఎలా పడుతుంది? మన మండపం చెట్ల లెక్క



పోయిన వారం మన గ్రూపులో మండపం మిద్దె మీద సోలార్ పలకలు పెట్టే సంగతి వచ్చింది. పడమటి పక్కనున్న మూడు వేపచెట్లు, ఒక పుంగమాను, అంటే కానుగ చెట్టు, కొట్టేస్తేగానీ మిద్దె నిండా ఎండ పడదని ఒకరన్నారు. ఒక తమ్ముడు ఇలా రాశాడు: "చెట్టు మీద పడే ఎండలో నూటికి ఒక వంతు కూడా చెట్టు వాడుకోదు. సోలార్ పలక నూటికి ఇరవై పడుతుంది. ఇంకా ఆలోచన ఎందుకు?" దానికి జవాబుగా ఒక అక్కయ్య, "వేప, రావి రాత్రీ పగలూ ఆక్సిజన్ ఇచ్చే చెట్లు. కొడితే పాపం" అన్నారు. ఆ తర్వాత వచ్చిన మెసేజీల్లో కోపం ఎక్కువైంది, లెక్క తక్కువైంది.

మేము, అంటే పొద్దున్నే నడక అయ్యాక ఆ వేపల కింద బల్ల మీద కూర్చునే నలుగురం, ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా లెక్క తీశాం. మాలో రైల్వేలో గుమాస్తా పని చేసిన చెయ్యి ఒకటి ఉంది కాబట్టి రాయడం ఆ చేతికి వచ్చింది. రాత ఒకరిదైనా మాట నలుగురిది.

ఇది తేలికగా కొట్టేసే సంగతి కాదు. మండపం అద్దె మీదే మన పిల్లల చదువు సాయం నడుస్తోంది. కరెంటు బిల్లు పెరిగిన ప్రతి నెలా ఆ సాయంలో కోత పడుతోంది. సోలార్ అడిగేవాళ్లు పిల్లల కోసమే అడుగుతున్నారు. చెట్లు అడిగేవాళ్లు కూడా ఊరికే అడగడం లేదు. పెళ్లిళ్లకి వంట ఆ నీడలోనే. చావు ఇంటి నుంచి వచ్చినవాళ్లు కూర్చునేదీ అక్కడే. అందుకే ముందు ఆకు ఎండని ఎలా పడుతుందో సరిగ్గా తెలుసుకుందాం. అది తెలిస్తే మనం అడగవలసిన ప్రశ్నే మారుతుంది.

ముందు మాటల సంగతి

మేమంతా తమిళ బడిలో చదివినవాళ్లం. ఈ సంగతిని అక్కడ ఒళిచ్చేర్క్కై అని చెప్పారు. ఒళి అంటే వెలుగు, చేర్క్కై అంటే చేర్చడం. వెలుగుతో చేర్చే పని అన్నమాట. మన మనవలు ఇంగ్లీషులో ఫోటోసింథసిస్ అని చదువుతున్నారు. ఆంధ్రా పుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియ అని ఉంటుంది. అది విన్న మా ఇంటివాళ్లు "ఏదో శ్రాద్ధం మంత్రంలా ఉందే" అన్నారు. వంటింట్లో, పొలంలో, పెళ్లిలో మన తెలుగు బాగానే నడుస్తుంది. ఆకులో జరిగే పనిని కూడా ఆ తెలుగులోనే చెప్పగలమా అని మాకు పంతం పుట్టింది. పెద్ద మాటలు తప్పనిచోట మాత్రమే వాడతాం.

ఆకు వెలుగుని పట్టడం

సూర్యుడి దగ్గర బయలుదేరిన వెలుగు సుమారు 15 కోట్ల కిలోమీటర్లు దాటి 8 నిమిషాల 20 సెకన్లకి మన వేపాకు మీద పడుతుంది. వెలుగు చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందనుకోండి. ఒక్కో రంగు పొట్లంలో ఒక్కో అంత శక్తి ఉంటుంది. నీలిదానిలో ఎక్కువ, ఎర్రదానిలో తక్కువ.

ఆకులో పచ్చటి పదార్థం ఉందే, దాన్ని తెలుగులో పత్రహరితం అంటారు, తమిళంలో పచ్చయం. అది ఎర్ర పొట్లాలని, నీలి పొట్లాలని గట్టిగా పట్టుకుంటుంది. ఆకుపచ్చ వాటిలో కొంత భాగాన్ని వదిలేస్తుంది. ఆ వదిలేసిందే మన కంటికి వస్తుంది. అంటే ఆకులో మనం చూసే పచ్చదనం ఆకు తినగా మిగిలిన వెలుగు. పత్రహరితం రేణువు నడుమ ఒక మెగ్నీషియం అణువు కూర్చుని ఉంటుంది. మన రక్తంలోని ఎర్ర పదార్థం కూడా దాదాపు అదే అచ్చులో పోసిన వలయం, కానీ దాని నడుమ ఇనుము ఉంటుంది.

వెలుగు పొట్లం తగలగానే పత్రహరితం రేణువు ఉద్రేకపడుతుంది. ఆ ఊపు సెకనులో వంద కోట్ల వంతులు కొన్ని మాత్రమే నిలుస్తుంది. ఆలోపు ఎవరికైనా అందించాలి, లేకపోతే వేడిగానో వెలుగుగానో జారిపోతుంది. అందుకే ఆకులో పత్రహరితం ఒంటరిగా ఉండదు. కొన్ని వందల రేణువులు గుంపుగా, ఒకదాని పక్కన ఒకటి, సరైన దూరంలో అమర్చి ఉంటాయి. ఒకటి పట్టింది పక్కదానికి, అది ఇంకో పక్కదానికి అందిస్తూ చివరికి నడుమనున్న పని స్థానానికి చేరుస్తాయి. పాత రోజుల్లో లైను మీద ఏదైనా తేడా కనిపిస్తే గేటు నుంచి గేటుకి, గేటు నుంచి స్టేషనుకి కబురు పోయేది. అలాంటిదే ఇది. పట్టేవాళ్లు వందలమంది, పని చేసే స్టేషను ఒకటే.

ఈ గుంపు సంగతి 1932లో బయటపడింది. ఎమర్సన్, ఆర్నాల్డ్ అనే ఇద్దరు అమెరికాలో నీటి నాచు మీద క్షణం సేపు మెరిసే దీపాలు వేసి కొలిచారు. ఒక మెరుపుకి ఒక ఆక్సిజన్ రేణువు రావాలంటే సుమారు 2,500 పత్రహరితం రేణువులు ఉండాలని తేలింది. అన్నీ విడివిడిగా పని చేస్తుంటే అంత పెద్ద అంకె రాదు కదా.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. మనవలతో చేయించండి. పాలకూర ఆకులు నలిపి స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టండి. పచ్చటి నీళ్లు వస్తాయి. చీకటి గదిలో దాని మీద నోట్లు చూసే ఊదారంగు టార్చి వేయండి. పచ్చటి నీళ్లు ఎర్రగా మెరుస్తాయి. ఎందుకంటే ఆకు నుంచి బయటికి లాగేశాక పక్కన అందుకునేవాళ్లు లేరు. పట్టిన వెలుగుని ఎవరికీ ఇవ్వలేక ఎర్ర వెలుగుగా వదిలేస్తోంది. స్పిరిట్ మంట పట్టే సరుకు, పొయ్యికి దూరంగా, పెద్దవాళ్లు పక్కన ఉండి చేయించండి.

రెండు ఇంజన్ల దారి

పని స్థానానికి చేరిన శక్తి ఏం చేస్తుంది? అక్కడి నుంచి ఒక ఎలక్ట్రానుని పైకి తోస్తుంది. ఆ ఎలక్ట్రాను చోటు ఖాళీ అయింది కదా, ఆ ఖాళీని నింపడానికి ఆకు నీటిని చీలుస్తుంది. నాలుగు మాంగనీస్ అణువులు, ఒక కాల్షియం అణువు ఉన్న చిన్న ముడి ఆ పని చేస్తుంది. నీటి నుంచి ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ అయాన్లు తీసుకుని ఆక్సిజన్‌ని బయటికి పంపేస్తుంది. మనం పీల్చేది ఆకుకి అక్కరలేక పారేసిన సరుకు.

ఒక్క తోపుతో ఎలక్ట్రాను కావలసిన ఎత్తు ఎక్కదు. సెంగోట్టై నుంచి పునలూరు ఘాట్ మీద వెళ్లినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. 1904లో వేసిన దారి అది. ముందు ఒక ఇంజను లాగుతుంటే వెనక ఇంకో ఇంజను నెడితేనే బండి ఎక్కుతుంది. ఆకులో కూడా రెండు ఇంజన్లు. మొదటిది సగం దూరం ఎక్కిస్తుంది, కొంచెం కిందికి దిగాక రెండోది మళ్లీ వెలుగు పట్టి పైకి ఎక్కిస్తుంది. ఈ రెండు మెట్ల దారిని 1960లో కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్, ఫే బెండాల్ గీసి చూపించారు. ఒక ఆక్సిజన్ రేణువు బయటికి రావాలంటే కనీసం ఎనిమిది వెలుగు పొట్లాలు ఖర్చవుతాయి.

ఈ దారిలో ఎలక్ట్రాన్లు నడుస్తుంటే హైడ్రోజన్ అయాన్లు ఒక సన్నటి పొర వెనక పోగవుతాయి. పాపనాశం డ్యాంలో నీళ్లు నిలబెట్టినట్టే. ఆ పొరలో ఒక చిన్న తూము ఉంటుంది. తూము గుండా అవి బయటికి దూకేటప్పుడు అందులో ఒక చక్రం నిజంగానే తిరుగుతుంది. ఉపమానం కోసం చెప్పడం లేదు, తిరిగే చక్రమే. దాని పని తీరు తేల్చినందుకు బోయర్‌కి, వాకర్‌కి 1997లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆ చక్రం తిరిగితే తయారయ్యేది ఏటీపీ. ప్రాణం ఉన్న ప్రతిదీ చేతి ఖర్చుకి వాడుకునే నాణెం అది.

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒక పేరు తలచుకోవాలి. యెల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, ఆ తర్వాత బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో ఈ ఏటీపీని కనిపెట్టి 1929లో ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనిపెట్టారు. కండరంలో దొరికిన ఆ నాణేన్నే ఎండలో ఆకు కూడా ముద్రిస్తుందని 1954లో కాలిఫోర్నియాలో ఆర్నన్ బృందం పాలకూర ఆకు నుంచి తీసిన పచ్చ రేణువులతో చూపించింది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. ఆ వార్త ఆయన వినలేదు. 1995లో ఆయన పేరున మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఈ సంగతి పిల్లలకి చెప్పండి.

ఇక్కడితో వెలుగు పట్టడం అయిపోయింది. పట్టిన శక్తితో గాలిలోని కార్బన్ డయాక్సైడుని చక్కెరగా కట్టడం తర్వాతి పని. దానికి ఏటీపీ కూలీ డబ్బు అనుకోండి. వేపకర్ర, వేపపువ్వు, ఉగాది పచ్చడిలో మనం వేసుకునే చేదు, అన్నీ ఆ చక్కెర నుంచి కట్టినవే.

నూరు రూపాయల లెక్క

ఇప్పుడు తమ్ముడు చెప్పిన అంకె దగ్గరికి వద్దాం. ఆకు మీద 100 రూపాయల ఎండ పడిందనుకోండి. అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2008లో వేసిన పద్దు ఇలా ఉంటుంది. ఇది అన్నీ అనుకూలంగా ఉంటే రాగల గరిష్ఠం లెక్క.

51 రూపాయల 30 పైసలు ఆకు పట్టలేని రకం వెలుగు. చాలావరకు కంటికి కనిపించని వేడి కిరణాలు. 4 రూపాయల 90 పైసలు ఆకు మీద పడి తిరిగిపోయేవి, ఆకు దాటి పోయేవి. 6 రూపాయల 60 పైసలు చిల్లర నష్టం. నీలి పొట్లం పెద్ద నోటు, కానీ ఆకు కౌంటరులో దానికి ఎర్ర పొట్లం విలువే ఇస్తారు, మిగిలింది వేడిగా పోతుంది. 24 రూపాయల 60 పైసలు చక్కెర కట్టే పనిలో ఖర్చు. 6 రూపాయల 10 పైసలు ఒక పాత లోపం వల్ల నష్టం. కార్బన్ డయాక్సైడుని పట్టవలసిన పనివాడు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ని పట్టేసి, దాన్ని సరిచేసుకోవడానికి ఆకు మళ్లీ ఖర్చు పెట్టాలి. 1 రూపాయి 90 పైసలు చెట్టు సొంత ఊపిరి ఖర్చు. కూడండి, 95 రూపాయల 40 పైసలు. చేతిలో మిగిలింది 4 రూపాయల 60 పైసలు.

వరి, పత్తి, కొబ్బరి, మామిడి, వేప అన్నీ ఈ పద్దులోనే వస్తాయి. మొక్కజొన్న, జొన్న, చెరకు కొంచెం తెలివైనవి. ముందు కార్బన్ డయాక్సైడుని ఒకచోట పోగుచేసి ఆ తర్వాత పనివాడికి అందిస్తాయి. పని ఖర్చు కొంచెం పెరుగుతుంది గానీ ఆ 6 రూపాయల 10 పైసల నష్టం తప్పుతుంది. వాటికి 6 రూపాయలు మిగులుతాయి. మన వైపు మండు వేసవిలో మొక్కజొన్న ఎలా ఎగదన్నుతుందో చూసినవాళ్లకి ఇది కొత్త కాదు.

ఈ రెండు రకాలకీ నడుమ మొక్కలున్నాయా అని వెతికినవాళ్లలో మన తెలుగువాళ్లు ముందున్నారు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి. ఎస్. రామదాస్ గారి బృందం 1986లో అలాంటి నడుమ రకాలని చూపించింది. ఎక్కడ దొరికాయంటే, మనం పప్పులో వేసుకునే పొన్నగంటి కూర జాతిలోనే, దాని దాయాదుల్లో. ఆయన శిష్యుడు ఎ. ఎస్. రాఘవేంద్ర గారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఈ పనే కొనసాగించి, 1998లో కేంబ్రిడ్జి ప్రచురించిన కిరణజన్య సంయోగక్రియ పెద్ద గ్రంథానికి సంపాదకులయ్యారు.

గరిష్ఠం 4 రూపాయల 60 పైసలైతే నిజంగా పొలంలో, తోటలో ఏడాది సగటున వచ్చేది రూపాయి, అంతకంటే తక్కువ కూడా. నీళ్లు చాలవు, ఎరువు చాలదు, ఆకులు రాలతాయి. కాబట్టి తమ్ముడి అంకె సరైనదే. సోలార్ పలక నూటికి ఇరవై పట్టడం కూడా నిజమే. రామనాథపురం జిల్లా కముదిలో 2016 నుంచి 648 మెగావాట్ల సోలార్ కేంద్రం నడుస్తోంది. కరెంటు కోసం చెట్టుని, పలకని పోటీ పెడితే పలకదే గెలుపు. దాన్ని దాచి మాట్లాడటం న్యాయం కాదు.

రాత్రి ఆక్సిజన్ సంగతి

అక్కయ్య చెప్పినదానికి కూడా లెక్క చెప్పాలి. ఆకు వదిలే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడు నుంచి కాదు. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ గుర్తు పెట్టిన నీటిని నాచుకి ఇచ్చి దీన్ని చూపించింది. నీరు చీలాలంటే వెలుగు కావాలి. పచ్చటి భాగాలు ఎండలోనే గాలిని బాగుచేస్తాయని, చీకట్లో చెయ్యవని 1779లోనే ఇంగెన్‌హౌస్ కొలిచి చెప్పారు. కాబట్టి వేప గానీ, రావి గానీ, ఏ చెట్టూ రాత్రి ఆక్సిజన్ ఇవ్వదు. రాత్రి అవీ మనలాగే ఊపిరి పీలుస్తాయి. కలబందలాంటివి రాత్రి ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడు దాచుకుంటాయి, అవి కూడా ఆక్సిజన్ వదిలేది పగలే. అలాగని రాత్రి చెట్టు కింద పడుకుంటే ఏదో అవుతుందన్న భయమూ అక్కర్లేదు. చెట్టు ఊపిరి చాలా చిన్నది. గాలిలో నూటికి 21 పాళ్లు ఆక్సిజనే.

అంటే మండపం చెట్లని నిలబెట్టడానికి ఆక్సిజన్ సరైన కారణం కాదు. సరైన కారణం వేరే ఉంది. సరైన కారణం ఉన్నప్పుడు సరికానిది చెప్పి ఓడిపోవడం ఎందుకు?

ఆకు చేసే, పలక చెయ్యని పనులు

మొదటిది మరమ్మతు. వెలుగు పట్టే పని ప్రమాదకరమైనది. మామూలు చెట్టు ఆకుకి నిండు ఎండలో సుమారు నాలుగో వంతుకే పని నిండిపోతుంది. మిగిలింది వస్తూనే ఉంటుంది. వాడుకోలేని ఆ శక్తి ఆకునే కాల్చేస్తుంది. అందుకని ఆకు మిగులుని వేడిగా మార్చి వదిలే తూములు తెరుస్తుంది. పచ్చ రేణువులు కణంలో పక్కకి జరిగి ఎండకి వీపు తిప్పుతాయి. అయినా మొదటి ఇంజనులో ఒక భాగం దెబ్బతింటూనే ఉంటుంది. గట్టి ఎండలో ఆ భాగాన్ని గంటల్లోనే, ఒక్కోసారి గంటలోపే, తీసేసి కొత్తది వేసుకుంటుంది. రోజూ లైను పొడుగునా నడిచి వదులైన బందులు బిగించే కీమ్యాన్ ప్రతి ఆకులో ఉన్నాడన్నమాట. పలకకి దెబ్బ తగిలితే కంపెనీకి ఫోను చెయ్యాలి.

రెండోది నీడలో పని. ఈసారి మండపానికి వచ్చినప్పుడు వేప కొమ్మని లోపలికి తొంగి చూడండి. పైన ఎండలో ఉన్న ఆకులు మందంగా, కొంచెం లేత రంగులో ఉంటాయి. లోపల నీడలోవి పల్చగా, ముదురు పచ్చగా ఉంటాయి. దొరికే కొద్ది వెలుగు కోసం లోపలి ఆకు పట్టే గుంపుని పెద్దది చేసుకుంటుంది. సోలార్ పలకలు అలా కాదు. వాటిని వరసగా ఒకే తీగ మీద కడతారు. ఒక పలక మీద నీడ పడితే ఆ వరస మొత్తం కుంటుతుంది, ఒక బోగీకి బ్రేకు పట్టేస్తే బండంతా ఈడ్చుకున్నట్టు. చెట్లు కొట్టాలన్న మాట పుట్టింది ఇక్కడే. దీనికి మందు ఉంది, కింద చెబుతాం.

మూడోదే అసలు లెక్క. వాడుకోని ఎండని ఆకు ఏం చేస్తుంది? చాలా భాగంతో నీటిని ఆవిరి చేస్తుంది. కార్బన్ డయాక్సైడు కోసం రంధ్రాలు తెరిస్తే నీరు బయటికి పోక తప్పదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. ఒక పెద్ద చెట్టు రోజుకి 50 లీటర్లు పైకి పంపిందనుకుంటే 34 యూనిట్ల వేడిని అది మన మండపం పక్కనుంచి తీసుకుపోయినట్టు. 5 కిలోవాట్ల సోలార్ రోజుకి ఇచ్చేది సుమారు 20 యూనిట్లు. రెండూ ఒకటే సరుకు కాదు, వేడి పోవడం వేరు, కరెంటు రావడం వేరు. కానీ మన బిల్లులో పెద్ద భాగం ఏసీలు, ఫ్యాన్లు. పడమటి గోడ మీద సాయంత్రం ఎండ పడకపోవడమే బిల్లులో మిగులు. చెట్లు కొట్టి పలకలు పెడితే, పలకలు ఇచ్చిన దాంట్లో కొంత ఆ వేడెక్కిన గోడకే ఖర్చు పెట్టాలి.

నూటికి ఒకటి, నూటికి ఇరవై అన్న పోలికలో ఈ పద్దు రాదు. ఆకు చక్కెరగా దాచుకున్నది మాత్రమే ఆ ఒకటిలో ఉంది. మనకి నీడగా, చల్లదనంగా ఇచ్చింది ఆ 95 రూపాయల ఖర్చు పద్దులో దాగి ఉంది.

మా ప్రతిపాదన

చెట్టా, సోలారా అన్నది కాదు ప్రశ్న. మిద్దె మీద ఏ చోట, ఏ వేళ, ఎంత ఎండ పడుతోంది అన్నది ప్రశ్న. మేము మూడు ఆదివారాలు మొట్టమాడి ఎక్కి గంట గంటకి నీడ అంచున సుద్దముక్కతో గీత గీశాం. పొద్దున నుంచి మధ్యాహ్నం రెండు దాకా మిద్దె అంతా ఎండే. రెండున్నరకి నీడ పడమటి పిట్టగోడ దాటి లోపలికి వస్తుంది. నాలుగింటికి పడమటి సగం నీడలో ఉంటుంది, తూర్పు సగం ఇంకా ఎండలోనే. పలకలు ఎక్కువ కరెంటు ఇచ్చేది తొమ్మిదికీ మూడింటికీ నడుమ. చెట్ల వల్ల మనం పోగొట్టుకునేది సాయంత్రం ముక్క, అదీ పడమటి సగంలో.

కాబట్టి మహాసభ ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి, పలకలు ముందు తూర్పు సగంలో, భోజనశాల మిద్దె మీద పెడదాం. మన ఊరు దక్షిణాన ఉంది కాబట్టి దక్షిణం వైపు పది డిగ్రీల వంపు చాలు.

రెండు, పడమటి వైపు కూడా పెట్టాలనుకుంటే ఒకే వరసగా కట్టకుండా పలక పలకకీ విడిగా చిన్న ఇన్వర్టరు పెట్టేలా కొటేషన్ అడుగుదాం. అప్పుడు ఒకదాని నీడ ఇంకోదాన్ని కుంటించదు. ఖర్చు కొంచెం ఎక్కువ. ఎంత ఎక్కువో రెండు మూడు చోట్ల రాయించి తెద్దాం.

మూడు, మిద్దె మీదికి వాలిన కొమ్మలు మాత్రం కొట్టిద్దాం. చెట్టు తెలిసిన మనిషిని పిలిచి చేయిద్దాం, మొండెం చెయ్యొద్దు.

నాలుగు, ఓటు వేసే ముందు పన్నెండు నెలల కరెంటు బిల్లులు కార్యదర్శి గారు అందరి ముందు పెట్టాలి. ఏ నెలలో ఎంత వాడామో తెలియకుండా ఎన్ని పలకలు కావాలో ఎవరూ చెప్పలేరు.

తమ్ముడికి మా మాట ఒకటే. నీ అంకె సరైనది, పిల్లల చదువు మీద నీ తాపత్రయం ఇంకా సరైనది. నువ్వు కూడా ఒక ఆదివారం సుద్దముక్క తీసుకుని మిద్దె ఎక్కు, మా గీతలు సరిచూడు. అక్కయ్యకి కూడా ఒక మాట. చెట్టు కోసం మీరు నిలబడ్డారు, సంతోషం. సభలో ఆక్సిజన్ మాట వదిలి పడమటి గోడ మాట చెప్పండి, అందరూ వింటారు.

సుద్దగీతల కొలతలు ఒక కాగితం మీద వేసి మండపం నోటీసు బోర్డు మీద అంటించాం. చూసి, తేడా ఉంటే ఇక్కడే రాయండి. ఆకు సంగతిలో మేము వాడిన మాటల కంటే మంచి ఇంటి మాటలు మీ అవ్వల దగ్గర ఉంటే అవీ రాయండి. మహాసభకి అందరూ రండి.